రెండో గ్లాసు తమ్ముడు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద నాకు కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. దాని గోడకు ఆనుకునే ఆత్మారాం సేటు సారా దుకాణం. అక్కడ తాగినవాళ్ళు నేరుగా నా దగ్గరికి వచ్చి గంటకు సైకిల్ కిరాయికి ఇమ్మనేవాళ్ళు. నిలబడటానికే చేతగాని మనిషికి సైకిల్ ఎందుకని నేను అడిగితే నా వంశం మొత్తాన్నీ తలుచుకునేవాళ్ళు. కాబట్టి సారా అమ్మేవాళ్ళంటే నాకేదో ప్రేమ ఉందని ఎవరూ అనుకోవద్దు. అయినా ఇప్పుడు నేను చెప్పబోయేది సారా అమ్మిన మనిషి గురించే. పేరు లింబయ్య. సర్కారు పెట్టిన షరతుల్ని అంత నిష్ఠగా పాటించినవాణ్ణి, పాటించి అంతగా నష్టపోయినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

లింబయ్యది వర్ని దగ్గర కాలువ కింది పల్లె. చిన్నప్పుడే తండ్రి పోతే అన్న ఆశన్న పెంచాడు. భుజాల మీద ఎక్కించుకుని పొలానికి తీసుకుపోయాడు, తన కంచంలోనే తినిపించాడు. లింబయ్యకు మీసం మొలిచే వయసులో ఎడమ చేతి మీద గిల్లినా తెలియని మచ్చ ఒకటి పుట్టింది. పల్లెలో దాన్ని పెద్దరోగం అంటారు, ఆ మాటను కూడా గొంతు తగ్గించి అంటారు. అన్నే బండి కట్టి తీసుకుపోయి మిషన్ వాళ్ళ దవాఖానలో చేర్పించాడు. అక్కడ ఏళ్ళ తరబడి మాత్రలు మింగి, దవాఖాన తోటలో పనిచేసి, లింబయ్య పూర్తిగా బాగయ్యాడు. రెండు వేళ్ళ కొసలు మాత్రం పోయాయి. పంపించేటప్పుడు డాక్టరు సంతకం చేసి, ముద్ర వేసి కాయితం ఒకటి ఇచ్చాడు. ఈ మనిషికి అంటురోగమేదీ లేదు, నలుగురితో కలిసి ఉండవచ్చు అని దాని సారాంశం.

ఆశన్నకు చదువు రాదు. ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు ఆ కాయితాన్ని చేతిలోకి తీసుకోకుండా దూరం నుంచే చదివి తల ఊపారు. లింబయ్యకు పశువుల కొట్టంలో మంచం వేశారు. పూట పూటా అన్నం విస్తరిలో తెచ్చి గడప బయట పెట్టి, ఆశన్న గొంతు సవరించుకుని వెళ్ళిపోయేవాడు. తిట్టలేదు, పొమ్మనలేదు. లింబయ్యను కోసిందల్లా అదే. తిట్టినవాడితో కొట్లాడవచ్చు, గొంతు సవరించుకునేవాడితో ఏమని కొట్లాడతాం? కొన్నాళ్ళు ఓర్చుకుని బోధన్‌కు వచ్చేశాడు. అతనికి పొలంలో వాటా అక్కర్లేదు, ఇల్లూ అక్కర్లేదు. ఒక్క పూట అన్న తనను ‘తమ్మీ’ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తింటే చాలు. ఈ సంగతి నాతో చాలాసార్లు అన్నాడు. బతుకులో అంతకంటే పెద్ద కోరిక ఉంటుందని అతనికి తెలిసినట్టు లేదు.

బోధన్‌లో పని దొరకలేదు. హోటల్లో అడిగాడు, రైస్ మిల్లులో అడిగాడు, చెరుకు దింపే మేస్త్రీని అడిగాడు. కాయితం చూపించకపోతే వేళ్ళు చూసి అనుమానపడేవాళ్ళు. చూపిస్తే అనుమానం తీరిపోయి, రోగమేనని ఖాయం చేసుకునేవాళ్ళు. రోగం పోయిందని చెప్పే కాయితమే రోగం గురించి ఊరంతా చాటింపు వేసింది. చివరికి నా దుకాణం ముందు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. సంచిలో నాలుగు బట్టలు, వాటి మధ్య ఆ కాయితం, అదీ అతని ఆస్తి.

అది అరవై అయిదో సంవత్సరం. సరిగ్గా అప్పుడే మా రోడ్డు మీదికి వీరస్వామి అనే ఆబ్కారి ఇన్‌స్పెక్టర్ వచ్చి పడ్డాడు.

అంతకుముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు బుద్ధిమంతులు. సారా దుకాణం లైసెన్సు వెనకాల చిన్న చిన్న అక్షరాల్లో షరతులు అచ్చు వేసి ఉంటాయి. అవి చదవడానికి కాదని మామూలుగా ఎవరికైనా తెలుస్తుంది. వీరస్వామి వాటిని చదివాడు. చదివి ఊరుకోలేదు, నమ్మాడు. దుకాణంలో ఆడవాళ్ళు పనిచేయరాదు. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండనివాళ్ళు పనిచేయరాదు. జైలుకు పోయి వచ్చినవాళ్ళు పనిచేయరాదు. అంటురోగం ఉన్నవాళ్ళు పనిచేయరాదు. గల్లాలో కూర్చుని అమ్మేవాడు ఎవడైనా సరే, వాడి పేరిట సర్కారు మంజూరు చేసిన నౌకర్నామా, అంటే పనివాడి అనుమతి కాయితం, ఉండాలి, అది లేకపోతే దుకాణానికి తాళం.

ఆత్మారాం దుకాణంలో అసలు గల్లా నడిపేది అతని భార్య రాధాబాయి. ఆమె చూపుకు ఎంత తాగినవాడైనా మెట్లు తడుముకోకుండా దిగి పోయేవాడు. అప్పు పెట్టినవాడు ఆమె ఎదుట పడకుండా ఫ్యాక్టరీ వెనక నుంచి తిరిగి ఇంటికి పోయేవాడు. వీరస్వామి వచ్చిన పూట ఆమె మొగుణ్ణి ఏదో విషయంలో గట్టిగా కడుగుతోంది.

“ఈమె ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నా పెండ్లాం సాబ్.”

“దుకాణంలో ఏం చేస్తున్నారు?”

“నన్ను తిడుతున్నది సాబ్.”

వీరస్వామి లైసెన్సు వెనక్కి తిప్పి చూశాడు. “దుకాణం వేళల్లో, దుకాణం లోపల, దుకాణం విషయమై తిట్టడం పనిచేయడం కిందికే వస్తుంది. ఆడవాళ్ళు పనిచేయకూడదు” అన్నాడు.

రాధాబాయి గల్లా తాళాలు మొగుడి ఒళ్ళో పడేసి, మరాఠీలో ఇద్దరికీ కలిపి నాలుగు మాటలు అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆత్మారాం అష్టకష్టాలు మొదలయ్యాయి. తానే కూర్చుంటే సరిపోయేది కదా అని మీరు అనవచ్చు. ఆత్మారాం గల్లాలో కూర్చుంటే మధ్యాహ్నానికల్లా సరుకులో సగం అతని కడుపులోనే ఉండేది. మేనల్లుణ్ణి తెచ్చాడు, వాడికి వయసు చాలలేదు. రాజమల్లును తెచ్చాడు, వాడు ఎప్పుడో ఇనుప ఇరుసు ఎత్తుకుపోయి జైలు చూసి వచ్చినవాడు. ఆఖరికి తాలీంలో కసరత్తు చేసే సాయన్నను తెచ్చాడు. వయసు ఉంది, మగవాడు, జైలు మొహం ఎరగడు. గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు, అంత మనిషి.

వీరస్వామి అతన్ని కిందినుంచి మీది దాకా చూసి, “ఇతనికి అంటురోగం లేదని రుజువేది?” అన్నాడు.

సాయన్నకు ప్రశ్న అర్థం కాలేదు. మూలన ఉన్న సారా పీపాను రెండు చేతులతో ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. “గిదే రుజువు సాబ్.”

“బలం గురించి నేను అడగలేదు. డాక్టరు కాయితం కావాలి.”

సాయన్న ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరుకు నవ్వు రాలేదు, చిరాకు వచ్చింది. “ఏ రోగం లేదని రాయాలె? పుస్తకంల రోగాలు వెయ్యి ఉన్నయ్. గది లేదు, గిది లేదు అనుకుంట రాస్తె నీకు ముసలితనం వస్తది. పోయి జరం తెచ్చుకో, మందు రాసిస్త” అన్నాడు.

ఎవరో చెప్పారని మిషన్ దవాఖానకు కూడా పోయాడు సాయన్న. అక్కడ కిటికీ దగ్గర హనోకు అనే కంపౌండరు కూర్చుని ఉన్నాడు, మెతడిస్టు క్రైస్తవుడు, మాట మెత్తన. “నీకు రోగం వచ్చిందా తమ్మీ?” అని అడిగాడు. రాలేదన్నాడు సాయన్న. “రానిది పోయిందని మేమెట్ల రాస్తం? వచ్చినోళ్ళకే, పోయినంకనే రాసిస్తం” అన్నాడు హనోకు. ఇంతకూ ఏం పనికోసమని అడిగాడు. సారా దుకాణం అని సాయన్న నిజం చెప్పేశాడు. అంతే, హనోకు కిటికీ మూసి బయటికి వచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి, మద్యపానం మీద ప్రసంగం చేసి, ప్రార్థన చేసి, చాయ్ తాగించి పంపించాడు.

సాయన్న తిరిగి వచ్చి నా దుకాణం ముందు నిలబడి రోడ్డంతా వినబడేట్టు మొత్తుకున్నాడు. “రోగం వచ్చినోనికి కాయిదం ఉందట, రానోనికి లేదట! గింత పెయ్యి పెట్టుకుని నేనేం పాపం చేసిన కాకా? రోగం రాకపోవుడే నా తప్పా?”

బల్ల మీద కూర్చున్న లింబయ్య సంచిలో చెయ్యి పెట్టాడు. “నా తాన ఉన్నది కాకా” అన్నాడు మెల్లగా.

నేను ముందు అతన్ని కసిరాను. తర్వాత ఆత్మారాం మొహం చూశాను. మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టుంది ఆ మొహం.

మర్నాడు వీరస్వామి ఆ కాయితాన్ని తిప్పి తిప్పి చదివాడు. మధ్యలో లింబయ్య వేళ్ళు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ నుంచే మళ్ళీ చదివాడు. జేబురుమాలు తీసి దానితో కాయితం పట్టుకుని ఇంకోసారి చదివాడు. అతని లోపల పెద్ద యుద్ధం జరుగుతోందని చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. ఒకవైపు అతని భయం, ఇంకోవైపు సర్కారు ముద్దర లాంటి ముద్దర. ఏ మాటకు ఆ మాటే చెప్పాలి, ముద్దరే గెలిచింది.

“కాయితం ప్రకారం ఇతనికి అంటురోగం లేదు. సాయన్నకు లేదని కాయితం లేదు. కాబట్టి ఇతను అర్హుడు, సాయన్న అనుమానాస్పదుడు” అన్నాడు.

“సాబ్, మరి మీకున్నదా గా కాయిదం?” అన్నాడు ఆత్మారాం, వినయంగానే.

“నేను అమ్మేవాణ్ణి కాదు” అని వీరస్వామి నౌకర్నామా మీద సంతకం చేసి, కలం కూడా అక్కడే వదిలేసి పోయాడు.

పెద్దరోగం ఉన్నవాణ్ణి గల్లాలో కూర్చోబెట్టకూడదని సర్కారు షరతు పెట్టింది. ఆ షరతు పుణ్యమా అని ఫ్యాక్టరీ రోడ్డు మొత్తం మీద గల్లాలో కూర్చోదగినవాడు పెద్దరోగం వచ్చి పోయినవాడు ఒక్కడే అయ్యాడు. ఏడాది తిరిగేసరికి వర్ని కంట్రాక్టరూ, ఇంకో ఇద్దరూ మిషన్ దవాఖాన గేటు దగ్గర నిలబడి, బాగై బయటికి వచ్చేవాళ్ళను చెయ్యి పట్టుకుని బతిమాలడం మొదలుపెట్టారు. హనోకు వాళ్ళందరికీ చెట్టు కింద ప్రసంగం చేసీ చేసీ గొంతు పోగొట్టుకున్నాడని విన్నాను.

లింబయ్య సారా ముట్టేవాడు కాదు. దవాఖానలో అలవాటైన శుభ్రం, రోజుకు నాలుగుసార్లు గ్లాసులు ఉడుకు నీళ్ళలో ముంచేవాడు. బోధన్ చరిత్రలో సారా దుకాణం గ్లాసు అంత తళతళలాడటం అదే మొదలు. అయినా ఆ గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు. తాగేవాళ్ళు ఇంటి నుంచి చెంబులూ, డబ్బాలూ తెచ్చుకునేవాళ్ళు. చెంబు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడితే, లింబయ్య తగలకుండా ఎత్తు నుంచి పోసేవాడు. చిల్లర విసిరేవాళ్ళు. అది మొదటి గ్లాసు. రెండో గ్లాసు కడుపులో పడగానే లోకం మారిపోయేది. చెంబులు ఎక్కడివక్కడ పడేసి లింబయ్య కడిగిన గ్లాసులే లాక్కునేవాళ్ళు. గల్లా మీదికి వంగి మెడ చుట్టూ చేతులు వేసేవాళ్ళు. “అన్నా, నీ అసొంటి మనిషి దునియల లేడే” అని ఆ కొసలు లేని వేళ్ళు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. పొద్దున్నే మళ్ళీ చెంబు అరుగు మీద, మనిషి వెనక్కి. లింబయ్యకు రోగం రోజూ సాయంత్రం నయమై, రోజూ పొద్దున్నే తిరగబెట్టేది. ఇది చూసి నాకు ఒళ్ళు మండేది, అతను మాత్రం నవ్వేవాడు. సగం రోజైనా మనిషిగానే ఉంటున్న కదా కాకా అనేవాడు.

శీతకాలంలో చెరుకు సీజన్ మొదలైంది. ఫ్యాక్టరీ గేటు నుంచి నా దుకాణం దాటి ఎడ్లబండ్లు వరస కట్టాయి. తూకానికి వంతు రావడానికి ఒక పగలూ పట్టొచ్చు, ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. అందాకా ఎడ్లు నెమరేస్తాయి, మనుషులు ఆత్మారాం దుకాణానికి వస్తారు. అలా వచ్చినవాళ్ళలో ఒకరోజు ఆశన్న ఉన్నాడు.

తమ్ముడు గల్లాలో ఉన్నాడని అతనికి తెలియదు. “ఒక గిలాస పొయ్యి” అని తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు.

“అన్నా” అన్నాడు లింబయ్య లేచి నిలబడి.

ఆశన్న గొంతు సవరించుకున్నాడు. ఎవరి చెంబో అరువు తీసుకుని అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాడు. తాగాడు. పోవాలా నిలబడాలా తేల్చుకోలేక ఇంకోటి పోయించుకున్నాడు. ఆ రెండోది దిగిన తర్వాత ఆ మనిషి గల్లా ఎక్కి దూకినంత పనిచేశాడు. తమ్ముణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. “నా తమ్ముడుర వీడు! బాపు సచ్చినంక నా కంచంలనే తిని పెరిగిండు! తమ్మీ, రేపు నా బండి మీదనే ఇంటికి పోదాం. ఎవడేమంటడో సూస్త!” అని రోడ్డంతా పిలిచి చెప్పాడు. బండ్లవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు, వాళ్ళకూ అది రెండో గ్లాసే.

లింబయ్య తెల్లవారుతూనే స్నానం చేసి, ఉతికిన ధోతి కట్టి, సంచి పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆశన్న చెరుకు దింపి ఖాళీ బండితో బయటికి వచ్చాడు. తమ్ముణ్ణి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “ఎడ్లకు నీళ్ళు పెట్టుకొస్త” అని చెప్పి అటు నుంచి అటే ఊరి దారి పట్టాడు.

ఒకసారి జరిగితే సరే అనుకోవచ్చు. సీజన్‌లో ఆశన్న బండి ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ ఇదే తంతు. రెండో గ్లాసు నుంచి నిద్రపట్టేదాకా లింబయ్య తమ్ముడు. తెల్లారితే పరాయివాడు. ప్రతిసారీ లింబయ్య స్నానం చేసేవాడు, సంచి సర్దేవాడు, గేటు దగ్గర నిలబడేవాడు. ప్రతిసారీ ఎడ్లకు దాహమయ్యేది. ఆ ఎడ్లు తాగినన్ని నీళ్ళు నిజాంసాగర్ కాలువ కూడా మోసి ఉండదు.

“తాగుబోతు మాటలు పట్టుకుని పండుగలెక్క తయారైతవ్, సిగ్గు లేదార?” అని ఒకరోజు నేను తిట్టాను.

“తాగినప్పుడు అనేదే అన్న అసలు మాటనేమో కాకా. పొద్దుగాల అనేది భయం మాటనేమో. ఏది అసలుదో నాకెట్ల తెలుస్తది?” అన్నాడు లింబయ్య.

మూడో సీజన్‌కు అతనికి ఒక ఆలోచన వచ్చింది. అన్న తాగి ఉన్నప్పుడు తమ్ముడే కదా, అయితే ఇల్లు చేరేదాకా తాగే ఉంటే సరి. ఆత్మారాం దగ్గర సెలవు తీసుకున్నాడు. ఒక సీసా సారా తన జీతంలోంచి కొన్నాడు. రెండు సీసాలు తీసుకుపో, దూరం ఉంది అన్నాను నేను. ఒక మనిషి ఒక్క సీసా మించి వెంట తీసుకుపోకూడదని షరతు ఉందట. “దుకాణంల కూసుండి నేనే షరతు తప్పితె ఎట్ల కాకా?” అన్నాడు. వీరస్వామికి ఇలాంటి శిష్యుడు దొరికాడు.

ఆ ప్రయాణం గురించి తర్వాత లింబయ్యే చెప్పాడు. పొద్దున్నే ఆశన్న చెరుకు దింపి వచ్చే వేళకు ఇతను గ్లాసు పట్టుకుని గేటు దగ్గర తయారు. ఒకటి పోశాడు, రెండోది పోశాడు, ఆశన్నే ఇతని చెయ్యి పట్టి బండి ఎక్కించుకున్నాడు. బండి కదిలింది. ఆశన్న పాటలు పాడాడు. చిన్నప్పుడు లింబయ్య కాలువలో పడి కొట్టుకుపోతే జుట్టు పట్టి లాగిన సంగతి చెప్పి నవ్వాడు. రుద్రూరు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగింది, గొంతు సవరించుకోవడం మొదలైంది. లింబయ్య గబగబా పోశాడు. పాట మళ్ళీ వచ్చింది. వర్ని దాటారు, పోశాడు. అలవాటైన ఒళ్ళు కదా, పోసినకొద్దీ తొందరగా దిగిపోతోంది. ఊరు కనబడుతోంది, పొయ్యిల పొగ కూడా కనబడుతోంది. కాలువ వంతెన దగ్గర సీసా తలకిందులు చేస్తే ఒక్క బొట్టు రాలింది, అంతే.

ఆశన్న పగ్గాలు లాగి బండి ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. ముందుకే చూస్తూ, “లింబయ్యా, జెర దిగుర. ఎడ్లకు బరువైతున్నది” అన్నాడు.

ముందురోజే బండెడు చెరుకు లాగిన ఎడ్లు అవి. లింబయ్య దిగాడు. దారి పొడుగునా నడిచి బోధన్ వచ్చి, ఖాళీ సీసా లెక్కకు అప్పజెప్పి, నా బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. నాకు దుఃఖం రావలసింది, కోపం వచ్చింది. “ఇంకో సీసా తీసుకుపోతే నీ సొమ్మేం పోయేదిర? షరతు షరతు అని చావు!” అని అరిచాను.

అతను కాళ్ళ మీది దుమ్ము దులుపుకున్నాడు. “ఇంకో సీసా ఉంటె ఇంటి ముంగట దాక పోదుము కాకా. ఇంట్ల కూసుందుము. తెల్లారితె మల్ల కొట్టమే గద” అన్నాడు. “సారతోని అయ్యేది కాదు గిది.”

ఆ తర్వాతి సీజన్‌లో ఆశన్న మొదటిసారి వచ్చిన రోజు నేను గోడ పక్కనే పంక్చరు వేస్తున్నాను. ఆశన్న మొదటి గ్లాసు తాగి చెంబు మళ్ళీ అరుగు మీద పెట్టాడు. లింబయ్య పోయలేదు.

“పొయ్యి” అన్నాడు ఆశన్న.

“నీకు ఒక్కటే అన్నా. రెండోది పొయ్య.”

“ఎందుకు? పైసలిస్తున్న గద?”

“రెండోది తాగితె నువ్వు నన్ను గుర్తుపడుతవ్” అన్నాడు లింబయ్య. “ఇంక నాతోని కాదు.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆశన్న నవ్వలేదు. చెంబు అక్కడే వదిలేసి పోయాడు. రోడ్డు మీద సారా దుకాణాలకు కొదవ లేదు, కావాలంటే ఇంకోచోట తాగి వచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకోవచ్చు. రాలేదు. ఆ సీజనంతా అతని బండి వరసలో నిలబడింది, చెరుకు దింపింది, వెళ్ళిపోయింది. ఎడ్ల పక్కనే కూర్చుని ఆశన్న దుకాణం వైపు చూస్తుండేవాడు. లింబయ్య తల వంచుకుని గ్లాసులు కడిగేవాడు. పొద్దున్నే స్నానం చేసి గేటు దగ్గరికి పోవడం మానేశాడు. మనిషి సగమయ్యాడు. నేను తప్పు సలహాలు తప్ప ఏమీ ఇవ్వలేకపోయాను.

అరవై తొమ్మిది అసలే తెలంగాణ ఉద్యమం నడిచిన బందుల ఏడు. బడులు బందు, బస్సులు బందు, ఏ రోజు ఏది నడుస్తుందో ఎవరికీ తెలియదు. ఎన్ని బందులు వచ్చినా సారా దుకాణానికి వెనక తలుపు ఉండేది. అక్టోబరులో మాత్రం ఆ తలుపు కూడా మూసుకుంది. గాంధీ పుట్టి నూరేళ్ళు నిండిన రోజట, ఎక్కడా చుక్క అమ్మకూడదని గట్టి హుకుం. ఆబ్కారి వాళ్ళు స్వయంగా వచ్చి తాళం లాగి చూసి పోయారు. తాగేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ తాళాన్ని చూసి, నన్ను చూసి, నిట్టూర్చి పోతున్నారు. చేయడానికి పని లేక లింబయ్య నా బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఆశన్న బండి వచ్చి మా ముందు ఆగింది. చెరుకు లేదు. ఫ్యాక్టరీ సీజన్ మొదలు కావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. ఉత్త బండి, లోపల కొత్త గడ్డి పరిచి ఉంది.

లింబయ్య లేవలేదు. “ఇయ్యాల దుకాణం బందు అన్నా” అన్నాడు.

“ఎర్కే. బందని తెల్సే వచ్చిన.”

“ఏం పని మీద?”

“ఇంటికి పోదాం తమ్మీ.”

లింబయ్య మొహం గట్టిపడింది. అలాంటి మాటలు అతను చాలా విన్నాడు. లేచి అన్న దగ్గరికి పోయాడు. పెద్దవాడు, తండ్రి లాంటివాడు, అదంతా చూడలేదు. “హా అను” అన్నాడు.

“ఏందిర?”

“నోరు తెరిచి హా అను అన్నా.”

నడివీధిలో, తలపాగా చుట్టుకున్న ఆ ముసలి రైతు తమ్ముడి మొహం ముందు నోరు తెరిచి “హా” అన్నాడు. లింబయ్య వాసన చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి అనమన్నాడు. ఆశన్న ఇంకోసారి అన్నాడు. బీడీ వాసన తప్ప ఏమీ లేదు.

“జిల్ల మొత్తం బందు. ఏడ తాగుదామన్న దొరకది” అన్నాడు ఆశన్న. “గందుకే ఇయ్యాల వచ్చిన. మల్లొక్కనాడు వస్తె నువ్వు నమ్మవు. నన్ను నేనే నమ్మ.”

లింబయ్య అక్కడే, సైకిళ్ళ మధ్య చతికిలబడి పెద్దగా ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆశన్న బండిలోంచి మూట తెచ్చి విప్పాడు. వదిన కట్టి ఇచ్చిన జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం. తమ్ముడి పక్కన నేల మీదే కూర్చుని రొట్టె విరవబోయాడు. చేతులు వణుకుతున్నాయి, విరగడం లేదు. రోజూ తాగేవాడికి తాగకపోతే వణుకుతాయని నాకు తెలుసు. అది అంతవరకేనని మాత్రం నేను అనుకోను. లింబయ్య ఆ రొట్టె తీసుకుని తన చేత్తో విరిచి అన్నకు ఇచ్చాడు. ఆశన్న ఆ ముక్క వైపు కాసేపు చూసి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. కళ్ళు తెరిచి, “ఇంకింత పెట్టు” అన్నాడు.

ఆత్మారాంకు చెప్పి వస్తానని కూడా అనకుండా లింబయ్య బండి ఎక్కాడు. నౌకరీలో చేరిన తర్వాత అతను పద్ధతి తప్పింది ఆ ఒక్కరోజే. ఆశన్న పగ్గాలు పట్టుకున్నాడు గానీ ఎడ్లను అదిలించలేదు. ఎదురుగా దారి చూస్తూ, “ఊరు వచ్చేదాక ఏదన్న ముచ్చట పెడుతనే ఉండు తమ్మీ, ఆపకు. నాకు భయమైతున్నది” అన్నాడు.

లింబయ్య అన్న పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆ ఏడు వానలు ఎట్లా పడ్డాయో అడగడం మొదలుపెట్టాడు, బండి కదిలింది.